గడి దొరది కాదు

గూఢ ప్రహేళికలో ప్రతి ఆధారమూ జవాబును రెండుసార్లు చెబుతుంది. ఎక్కువగా ఒకసారి అర్థంగా, ఒకసారి అక్షరాలుగా. ఆ రెంటినీ ఒకే వాక్యంలో అతుకు కనపడకుండా కుట్టడం కూర్చేవారి పని. ఆ అతుకు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం పూరించేవారి పని. మామూలు పదప్రహేళికలో ఆధారం జవాబును ఒక్కసారే చెబుతుంది, అదీ అర్థంగా మాత్రమే. లెక్క ప్రకారం రెంటిలో పాఠకుడికి ఎక్కువ సాయం చేసేది గూఢ ఆధారమే. జనంలో చెలామణీ అవుతున్న అభిప్రాయం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు.

ఆ అభిప్రాయం ఇలా సాగుతుంది. ఆదివారం పుస్తకంలో గళ్లు నింపడం వేరు, గూఢ ఆధారాలు విప్పడం వేరు. మొదటిది ఎవరైనా చేస్తారు, రెండోది నిఘంటువులు నమిలినవాళ్ల పని. శ్లేషలు తెలియాలి, సంస్కృతం రావాలి, పురాణాలు నోటికి ఉండాలి. అసలిది ఇంగ్లీషువాళ్ల ఆట, తెలుగు లిపికి అతకదు. అందులోనూ ఆదిలాబాద్, కరీంనగర్ వైపు ఇళ్లలో మాట్లాడే తెలుగు పత్రికల తెలుగు కాదు గనక అక్కడివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఈ మాటలు చెప్పేవాళ్లలో చెడు కోరేవాళ్లు ఎవరూ లేరు. బడిలో సార్లు చెబుతారు, గ్రంథాలయంలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి చెబుతాడు, ఇంట్లో అన్న చెబుతాడు. పెన్సిలు పట్టిన పిల్ల రెండు ఆధారాలు చదివి, అర్థంకాక, వాళ్ల మాట నిజమేననుకుని పేజీ తిప్పేస్తుంది. నష్టం అక్కడే జరుగుతోంది. అందుకే ఈ అభిప్రాయాన్ని ముక్క ముక్కగా విప్పి చూడవలసి ఉంది.

ముందు పాండిత్యం సంగతి. మామూలు ప్రహేళికలో "ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా హద్దు నది (4)" అని ఒక ఆధారం వచ్చిందనుకోవచ్చు. బ్రాకెట్లో అంకె అక్షరాల లెక్క. దక్షిణపు హద్దు గోదావరి, నాలుగక్షరాలు. ఉత్తరపు హద్దు పెనుగంగ, అదీ నాలుగే. తూర్పున ప్రాణహిత, మళ్లీ నాలుగే. జిల్లా పటం కంఠస్థంగా వచ్చినవాడు కూడా ఈ ఆధారం ముందు ఆగిపోవాల్సిందే. అడ్డంగానో నిలువుగానో ఇంకో మాట వచ్చి ఒక అక్షరం చేతిలో పెట్టేదాకా మూడు నదుల్లో ఏది రాయాలో తేలదు.

అదే జవాబుకు గూఢ ఆధారం ఇలా ఉండవచ్చు: "ఆండాళ్ వెంట పంట, బాసర పక్కన పారేది (4)". మొదటి చూపుకు ఇదేదో గుడి మాన్యం వ్యవహారంలా ఉంది. కామా దగ్గర విరిస్తే రెండు ముక్కలవుతుంది. వెనక ముక్క, "బాసర పక్కన పారేది", నిర్వచనం. ముందు ముక్క కిటుకు. ఆండాళ్‌కు మరో పేరు గోదా. ఆమె వెంట ఒక పంట, వరి. రెండూ కలిపి చదివితే గోదావరి. పెనుగంగకు గానీ ప్రాణహితకు గానీ ఇక చోటే లేదు. రాసిన జవాబు సరైనదేనా అని ఎవరినీ అడగనక్కర్లేదు, వచ్చేవారం సంచిక దాకా ఆగనక్కర్లేదు. ఆధారమే ఔనని చెబుతుంది. ధనుర్మాసంలో గుడికి పోయే ఇల్లాలికి గోదాదేవి తెలుసు. వరి ఎవరికైనా తెలుసు. ఈ ఆధారం విప్పడానికి కావలసిన పాండిత్యం అంతే.

గట్టి ఆధారాలన్నీ ఇంత తేలికని చెప్పడం అబద్ధమవుతుంది. కష్టమైనవి ఉన్నాయి, రోజంతా తలలో తిరిగేవి ఉన్నాయి. కాని ఆ కష్టం మాటలు తెలియకపోవడం వల్ల వచ్చేది కాదు. తెలిసిన మాటనే తెలియని వైపు నుంచి చూడవలసి రావడం వల్ల వచ్చేది. జవాబు తెలిశాక "అరే, ఇంతేనా" అనిపించాలి. "ఈ మాట ఎన్నడూ వినలేదే" అనిపిస్తే ఆ ఆధారం ఓడినట్టు, పూరించినవారు కాదు.

ఈ ఆట చరిత్ర కూడా పండితుల పక్షాన సాక్ష్యం చెప్పదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చు వేయించిన మొదటి ప్రహేళిక ఆదివారపు వినోదాల పేజీలోది. గూఢ ఆధారాలు ఆ తర్వాత, 1920ల్లో ఇంగ్లండులో మొలిచాయి. భారతదేశంలో ది హిందూ పత్రిక 1971లో గూఢ ప్రహేళిక మొదలుపెట్టినప్పుడు దాన్ని కూర్చినది భాషా పండితుడు కాదు, రామ్‌దాస్ కటారి. 1958లో భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయిన మనిషి. ఏళ్ల తరబడి నౌకాదళంలో గడిపినవాడు 1983లో చనిపోయేదాకా పాఠకుల బుర్రలకు పని పెట్టాడు. తెలుగులో ఈ ఆటకు రెండు పేర్లు స్థిరపడ్డాయి: పదబంధ ప్రహేళిక, గళ్ల నుడికట్టు. మొదటి పేరు వినగానే శ్రీశ్రీ, రెండోది వినగానే ఆరుద్ర గుర్తుకు రావడం పాత పాఠకులకు అలవాటు. ఆ ఇద్దరూ కవిత్వాన్ని పండితుల పెరట్లోంచి వీధిలోకి తెచ్చిన పక్షం వాళ్లు. ఒకరు మహాప్రస్థానం రాశారు, మరొకరు త్వమేవాహం రాశారు. అలాంటివాళ్లు చేపట్టిన ఆటను పండితులకు మాత్రమే రాసి ఇవ్వడం వాళ్ల పట్ల కూడా అన్యాయమే.

ఇక, ఇది ఇంగ్లీషువాళ్ల ఆట అనే మాట. గళ్ల చట్రం అక్కడిది, నిజమే. గళ్లలో జరిగే పని మాత్రం తెలుగువాళ్లకు ఎన్నో తరాలుగా తెలుసు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. ఒకే పద్యం ఒక విరుపుతో రాముడి కథ, ఇంకో విరుపుతో పాండవుల కథ చెబుతుంది. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఎన్నో అక్షరమో చెబుతూ, సభ మధ్యలో ఒక్కొక్కటిగా అందిస్తారు. అవధాని వాటిని మనసులోనే వరసలో పేర్చి చివర వాక్యం చెప్పాలి. చెదిరిన అక్షరాలను కూర్చడం అనే కిటుకు ఇదే. వెనక్కి చదివినా ముందుకు చదివినా ఒకటిగానే ఉండే వికటకవి అన్న మాట తెనాలి రామకృష్ణుడి కథతో పాటు ప్రతి పిల్లవాడి చెవినా పడుతుంది. తిరగేయడం అనే కిటుకుకు అంతకంటె పాత పాఠం ఇంకెక్కడ దొరుకుతుంది?

సూరన, అవధానులు కూడా పండితులే కదా అని ఎవరైనా అడగవచ్చు. సరే, వాళ్లను పక్కన పెట్టినా పొడుపుకథ ఉంది. ఆదిలాబాద్ చలికి పేరుపడిన ఊరు. చలిరాత్రి మంట చుట్టూ చేరి ఒకరు పొడిస్తే ఇంకొకరు విడిచే ఆటకు బడి చదువుతో పని లేదు. పొడుపుకథ చేసేది ఏమిటి? తెలిసిన వస్తువును తెలియని వేషంలో నిలబెడుతుంది. గూఢ ఆధారం చేసేదీ అంతే, పైగా పొడుపుకథ కంటె దయగలది. పొడుపుకథలో జవాబుకు అక్షరాల లెక్క లేదు, ఆధారం లోపల రెండో సాక్ష్యం లేదు, అడ్డంగా వచ్చే మాటల సాయం లేదు. ఆ కష్టమైన ఆటను అక్షరం రాని అవ్వలు ఆడుతూ వచ్చారు. దానికంటె తేలికైన దాన్ని చదువుకున్న మనవలు ఆడలేరనడం ఎట్లా?

కిటుకులు మరీ ఎక్కువ లేవు. వాటిని ఆదిలాబాద్ అడవి సరుకుతోనే చూపవచ్చు. "మేకల పక్కనే దాచిన టేకు దుంగలు (3)". టేకు దుంగలు నిర్వచనం. "దాచిన" అన్నది సైగ, జవాబు పక్క మాటల్లోనే దాగి ఉందని చెప్పే మాట. "మేకల పక్కనే" అన్న రెండు మాటల మధ్య ఖాళీని చెరిపేసి చదివితే మే-క-ల-ప-క్క-నే. మొదటి అక్షరం, చివరి రెండక్షరాలు వదిలేస్తే నడుమ మిగిలేది కలప. అక్షరాలు కంటి ఎదుటే ఉన్నాయి, దాచింది ఖాళీ ఒక్కటే. ఈ రకం ఆధారంలో జవాబు కాగితం మీదే అచ్చయి ఉంటుంది గనక కొత్తగా మొదలుపెట్టేవారు ముందు వెతకవలసింది ఇలాంటివాటినే. దాచిన, లోపలి, నడుమ, పొదిగిన, కడుపులో లాంటి మాటలు కనపడితే అక్కడ ఆగి ఖాళీలు చెరిపి చదవాలి.

ఇప్పుడు ఆ కలపనే వెనక నుంచి ముందుకు చదివితే పలక. కాబట్టి "తిరగేసిన కలప బడిపిల్ల చేతిలోది (3)" అన్న ఆధారానికి జవాబు పలక. అక్షరాలను తిరగేయకుండా చెల్లాచెదురు చేస్తే మరో రకం: "చెదిరిన సుమన, విరిగితే అతకనిది (3)". సు, మ, న అన్న మూడక్షరాలను తిరిగి పేర్చితే మనసు. విరిగిన మనసు అతకదన్న మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఒక అక్షరం రాలగొట్టే రకం ఇంకొకటి: "ఎన్ని కలలు! ఒక లకారం జారితే ఓట్ల పండుగ (4)". ఎన్ని కలలు అన్నదాంట్లోంచి ఒక ల తీసేస్తే ఎన్నికలు. చెదిరిన, కకావికలైన, తిరగబడిన, తల తెగిన, తోక లేని అనే మాటలన్నీ ఈ ఆటలో ఆజ్ఞలు. వాక్యంలో అవి కథ చెబుతున్నట్టు కనిపిస్తాయి గాని నిజానికి అక్షరాలను ఏం చెయ్యాలో చెబుతుంటాయి. ఈ ఆజ్ఞలను గుర్తుపట్టడం వచ్చినరోజున సగం ఆట వచ్చినట్టే.

మిగిలిన పెద్ద రకం రెండర్థాలది. ఇందులో అక్షరాల మీద ఏ పనీ ఉండదు, ఒకే మాటకు రెండు నిర్వచనాలు పక్కపక్కన ఉంటాయి. "బర్రె ఇచ్చేది, అన్నదమ్ములు పంచుకునేది (2)" అంటే పాలు. తాగే పాలు ఒకటి, ఆస్తిలో వాటాకు పాత మాట పాలు ఒకటి. "పత్తిని ఏం చెయ్యాలో వాగును అడుగు (2)" అంటే ఏరు. పత్తిని ఏరాలి, వాగంటే ఏరు.

మొదలుపెట్టేవారికి ఒక నియమం భరోసా ఇవ్వాలి. 1949లో అఫ్రిట్ అన్న కలంపేరుతో ఎ.ఎఫ్. రిచీ దాన్ని సూత్రంగా చెప్పాడు. పైకి కనిపించే కథే కూర్చేవారి భావం కానక్కర్లేదు, కాని వారు భావించినది మాత్రం ఆ మాటల్లో తప్పకుండా ఉండి తీరాలి. అంటే పూరించేవారిని దారి తప్పించే హక్కు కూర్చేవారికి ఉంది, అబద్ధం చెప్పే హక్కు లేదు. నిర్వచనం ఎప్పుడూ ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, నడుమ ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిసినవారికి ఎంత పొడవు ఆధారమైనా రెండు కొసల దగ్గర వెతికితే సరిపోతుంది.

లిపి సంగతికి వస్తే, ఎదుటిపక్షం మాటలో కొంత నిజం ఉంది. ఇంగ్లీషులో ఒక గడికి ఒక అక్షరం. అక్కడ అచ్చులు, హల్లులు విడివిడిగా తిరుగుతాయి. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. రోమన్ లిపిలో రాస్తే దసరా, సరదా రెండూ ఒకే అక్షరాల కుప్ప. తెలుగు గళ్లలో ద-స-రా ఎంత చెదిరినా స-ర-దా కాదు, ఎందుకంటే దీర్ఘం తన హల్లును వదిలి రాదు. వినడానికి ఒకటిగా ఉండి రాతలో వేరయ్యే మాటలతో ఇంగ్లీషులో బోలెడు ఆధారాలు పుడతాయి. పలికినట్టే రాసే తెలుగులో ఆ కిటుకుకు పనే లేదు. ఈ రెండు నష్టాలూ ఒప్పుకోవలసినవే.

కాని ఆ నష్టాల పక్కన లాభాలను కూడా లెక్కవేయాలి. తెలుగు ప్రహేళికలో జవాబులు ఎక్కువగా మూడు, నాలుగు, అయిదు గళ్లవి. అడ్డం మాట ఒకటి దొరికితే నిలువు మాటలో మూడో వంతో నాలుగో వంతో ఒక్కసారిగా చేతికొస్తుంది. ఎనిమిది అక్షరాల ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం దొరికితే తెలిసేది ఎనిమిదో వంతే. పైగా తెలుగు గడిలో దొరికేది ఒంటి హల్లు కాదు. "దా" అని దొరికితే ద, దీర్ఘం రెండూ దొరికినట్టే. "త్ర" అని దొరికితే మాట ఏ దిక్కుకు పోతోందో సగం తెలిసిపోతుంది. మాటలను విరిచి చదివే వెసులుబాటు తెలుగులో ఇంకా ఎక్కువ. సంధులతో అతుక్కున్న మాటలను కొత్తచోట విరవడం పద్యం చదివే ప్రతివారూ చేసే పని. ఈ లిపిలో గళ్లు కూర్చడం కష్టం, పూరించడం సుఖం. కష్టమంతా కూర్చేవారి మీద పడింది గనక అది చూపించి పూరించేవారిని బెదిరించడం తగదు.

లిపి లెక్క తెలుసుకోవడం ఒక పూట పని. సంయుక్తాక్షరం ఒక గడి. సున్న ముందక్షరంతోనే ఉంటుంది. చివర పొల్లు వస్తే, ఆదిలాబాద్‌లో ద్ లాగా, దానికి విడిగా ఒక గడి ఇవ్వడం మామూలు పద్ధతి. ఏ పత్రిక పద్ధతి ఏదో దాని పాత జవాబులు రెండు చూస్తే తెలుస్తుంది.

ఆఖరి అభ్యంతరం అన్నిటికంటె బాధ పెట్టేది, ఎందుకంటే అది మనుషుల నోటి మాటనే తప్పు పడుతుంది. ఇంట్లో తొవ్వ, యాది, సోపతి, కైకిలి, అంగి అంటూ పెరిగినవారికి దారి, జ్ఞాపకం, స్నేహం, కూలి, చొక్కా అనే గళ్లు అందవని దీని సారాంశం. నిజం దీనికి తలకిందులు. ఉత్తర తెలంగాణలో చదువుకున్న ప్రతి మనిషికీ రెండు కట్టల మాటలు ఉన్నాయి. బడిలో మొక్కజొన్న చదివాడు, చేనులో మక్క ఇరిచాడు. పత్రికలో గేదె చూశాడు, కొట్టంలో బర్రెను కట్టేశాడు. ఒకే వస్తువుకు రెండు పేర్లు తెలిసినవాడికి గూఢ ఆధారం సగం విప్పి చేతిలో పెట్టినట్టే, ఎందుకంటే ఈ ఆటంతా ఒక పేరు చెప్పి ఇంకో పేరు అడగడమే. పైన పాలు అన్న ఆధారంలో వాటా అనే అర్థం కోస్తా పాఠకుడు నిఘంటువులో వెతకవలసి రావచ్చు. దాయాదులను పాలోళ్లు అని పిలిచే ఊళ్లలో పుట్టినవారికి అది చెవిలోనే ఉంది.

ఆదిలాబాద్‌లో మాటల కట్టలు రెండుతో ఆగవు. సంతలో ఒక చివర తెలుగు, ఒక చివర మరాఠీ, నడుమ ఉర్దూ వినిపిస్తాయి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, కెరమెరి వైపు పోతే గోండి, కొలామి, లంబాడి కలుస్తాయి. నిజాం కాలంలో కచేరీ భాష, పెద్ద చదువుల భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది ఆ భాషలోనే. ఈ నేల మీద ఒకటికి మించిన భాషలు కలిసి బతకడం నిన్నటి ముచ్చట కాదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట బండ మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగు కంద పద్యాలతో సహా. ఆదిలాబాద్‌లోనే బతికిన సామల సదాశివ తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ సాహిత్యాల మధ్య పక్కింటికి పోయి వచ్చినంత సులువుగా తిరిగారు. తన జ్ఞాపకాల పుస్తకానికి యాది అని ఇంటి మాటే పేరు పెట్టుకున్నారు. ఆ పేరు విని ఎవరూ చిన్నచూపు చూడలేదు. 2011లో ఆయన స్వరలయలు పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ భాషల కలయిక గళ్లలో ఎలా పనికొస్తుందో ఒక ఆధారం చూపిస్తుంది: "మొదలు న్యాయశాస్త్రం, తర్వాత ఉర్దూలో చదివిన జిల్లా (5)". పైకి చూస్తే ఒక పాతకాలపు వకీలు బతుకు. విప్పితే, చివరి మాట జిల్లా నిర్వచనం. మొదలు అంటే ఆది. న్యాయశాస్త్రం అంటే లా. "తర్వాత"ను ఉర్దూలో చదివితే బాద్. ఆది, లా, బాద్. ఆ ఊరి పేరు పుట్టుకలోని ఆబాద్ వేరు, తర్వాత అనే బాద్ వేరు. కాని గళ్లలో కావలసింది అక్షరాలు, వంశవృక్షం కాదు. ఈ ఆధారం ముందు నిఘంటువు పేజీలు తిప్పే పండితుడు తడుముకుంటాడు. ఆదిలాబాద్ బస్టాండులో చాయ్ అమ్మే పిల్లవాడు తడుముకోడు, బాద్ మే అన్న మాట రోజుకు వందసార్లు వింటాడు గనక. ఒక నిలువు మాటలో మొదట దా, చివర త్ దొరికి, విందు అని నిర్వచనం ఉంటే ఎక్కడివాళ్లు ముందుగా దావత్ రాస్తారో చెప్పనక్కర్లేదు.

ఈ అభ్యంతరంలో నిజమైన భాగం ఒకటుంది, అది పూరించేవారి లోపం కాదు. కూర్చేవారిలో చాలామంది ఒక ప్రాంతపు మాటలనే తెలుగని భావించి గళ్లు నింపుతారు. తొవ్వ, జాగ, ఇగురం లాంటి మాటలు జవాబులుగా అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు పక్కన "మాండలికం" అన్న ముద్ర ఉంటుంది. ఆ ఒక్క ప్రాంతపు మాటలకు మాత్రం ఆ ముద్ర ఉండదు. గళ్లు కుదరని చోట నిఘంటువు మూలల్లోంచి ఏకాక్షర సంస్కృత పదాలు తెచ్చి అతికించేవారు వేల ఇళ్లలో బతుకుతున్న మాటకు చోటివ్వకపోవడం న్యాయం కాదు. ఈ తప్పు దిద్దవలసింది కూర్చేవారు, సంపాదకులు.

గడి అన్న మాటనే తీసుకోవచ్చు. "దొర ఉండేది, అక్షరం ఉండేది (2)". కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గడి అంటే దొర కోట. ఎత్తు గోడలు, పెద్ద దర్వాజ, లోపలికి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో దొరలకు ఎదురు నిలిచిన రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో దొరలు చాలామంది గడులు వదిలి పట్నం పోయారు. గోడలు కూలి, తంగేడు మొలిచి, ఇప్పుడు వాటిలో ఎవరైనా నడిచి పోవచ్చు. ఈ ఆధారంలో రెండర్థాలూ వెంటనే తట్టేది ఈ నేల మనిషికే. మిగిలినవాళ్లకు ఒకటే తెలుసు.

ఇక మొదలుపెట్టే పద్ధతి. ముందుగా పాత సంచిక ఒకటి, దాని జవాబులున్న సంచిక ఒకటి పక్కపక్కన పెట్టుకోవాలి. జవాబు చూసి, ఆధారం చదివి, ఆ మాట ఎలా వచ్చిందో వెనక్కి నడవాలి. దీన్ని దొంగతనం అనుకునేవారు ఉన్నారు. ఆ సిగ్గే ఎక్కువమందిని మొదటి మెట్టు మీద ఆపేస్తోంది. లెక్కలు నేర్చుకునే పిల్లలు చేసి చూపిన లెక్కలు చూడకుండా అభ్యాసానికి పోరు. ఇదీ అంతే. పది ఆధారాలను ఇలా వెనక నుంచి విప్పినవారికి పదకొండోదాని అతుకు దానంతటదే కనిపించడం మొదలవుతుంది. ఆ తర్వాత కొత్త గళ్లలో రెండు, మూడు అక్షరాల మాటలు పట్టుకోవాలి, దాగిన రకం వెతకాలి, దొరికిన అక్షరాల సాయంతో పెద్దవాటికి పోవాలి. ఒంటరిగా కంటె ఇద్దరు ముగ్గురు కూర్చుంటే మేలు. అవ్వకు తెలిసిన మాట మనవరాలికి తెలియదు, మనవరాలికి కనపడిన అతుకు అవ్వకు కనపడదు. మొదటివారం నాలుగు గళ్లు నిండితే చాలు. అన్నీ నింపితేనే ఆడినట్టు అనే లెక్క బహుమతుల పోటీలది, దానితో నేర్చుకునేవారికి సంబంధం లేదు.

వీటన్నిటికీ పెద్ద అడ్డు ఒకటుంది. పత్రికలు వచ్చేవారం జవాబుల గళ్లు అచ్చు వేస్తాయి గాని, ఏ జవాబు ఎలా వచ్చిందో చెప్పవు. కిటుకు చెప్పని జవాబు చూసి, వెనక్కి నడవడం తెలియని కొత్త పాఠకుడు నేర్చుకునేది ఏమీ లేదు, తనకు రాదన్న సంగతి తప్ప. పండితుల ఆట అన్న అపోహ వారం వారం పెరుగుతున్నది అక్కడే. తెలుగులో ప్రహేళికలు వేసే సంపాదకులు జవాబుల పక్కన కనీసం అయిదు ఆధారాలకు రెండేసి వాక్యాల వివరణ ఇవ్వాలి. దానికి పట్టే చోటు పేజీలో రెండంగుళాలు.